మొదటిదానిని చూచినవారు

పాఠ్యభాగము: ఎజ్రా 3:8–13, హగ్గయి 2:1–9



టీవీ కథకు సంఘ పత్రికలో ఏమి పని యని పెద్దలు కొందరు అడుగవచ్చును. అయినను ఆదివారపు సాయంకాల ఆరాధన ముగించుకొని, రాత్రి ఎనిమిదిన్నరకు టీవీ గల యింటి వసారాలో చేరినవారు మన సంఘములలోనే యున్నారు. గుణ్ణం గంగరాజు గారు నిర్మించిన ‘అమృతం’ ధారావాహిక 2001 నవంబరు మొదలు 2007 నవంబరు వరకు జెమిని టీవీలో వచ్చెను. అమృతము, ఆంజనేయులు అను ఇద్దరు స్నేహితులు, వారి చిన్న హోటలు, ఇంటి యజమాని అప్పాజీ, పనివాడు సర్వము: కథ యంతయు ఇంతే. పగలంతయు పత్తి తీసి, మిరపకల్లములో తాలుకాయలు ఏరి వచ్చినవారు అరగంటసేపు నడుము నొప్పి మరచి నవ్వుచుండిరి. అది నిలిచిపోయినప్పుడు పొరుగువారు ఊరు విడిచి పోయినట్లు అనేకులకు తోచెను.

ఏడేండ్లకు, 2014 మే నెలలో, అదే కథ ‘చందమామలో అమృతం’ అను సినిమాగా వచ్చెను. గంగరాజు గారే దర్శకులు. హోటలు పెట్టుటకు స్నేహితులిద్దరును ఈసారి చంద్రమండలమునకే పోయిరి. అవసరాల శ్రీనివాస్ గారు అమృతముగాను, హరీష్ గారు ఆంజనేయులుగాను నటించిరి. పాత అభిమానులు సంతోషముతో వెళ్లి, వెలితితో తిరిగి వచ్చిరి. నవ్వలేదని కాదు, నవ్వుచునే వెదకిరి.

ఇందులో ఒక వింత యున్నది. ధారావాహికలోనే అమృతము వేషము శివాజీరాజా గారి నుండి నరేష్ గారికిని, వారి నుండి హర్షవర్ధన్ గారికిని మారెను. జనులు దానిని సహించిరి. ఏలయనగా ప్రక్కన గుండు హనుమంతరావు గారి ఆంజనేయులు మారలేదు. ఒక చేయి విడిచినను రెండవ చేయి పట్టుకొనియుండెను. సినిమాలో రెండు చేతులును ఒక్కసారే విడువబడెను. మార్పును మనుష్యులు ఓర్వలేరని తొందరపడి చెప్పువారు ఈ సంగతి యోచింపవలెను.

ఇప్పుడు ఎజ్రా గ్రంథము చూడుడి. బబులోను రాజు కాల్చివేసిన ఆలయమునకు సుమారు ఏబది యేండ్ల తరువాత మరల పునాది పడెను. దేవుడు ఆయనే, స్థలము అదే. యాజకులు బూరలతోను, ఆసాపు వంశస్థులు తాళములతోను నిలిచిరి. చిన్నవారు ఆనందముతో కేకలు వేసిరి. మొదటి మందిరమును కన్నులార చూచిన వృద్ధులు బిగ్గరగా ఏడ్చిరి. దూరమున వినువారికి ఏది ఏడ్పో, ఏది సంతోషమో తెలియలేదు.

ఏడ్చిన వృద్ధులను లేఖనము ఒక్క మాటతోనైనను గద్దించలేదని మేము ప్రత్యేకముగా మనవి చేయుచున్నాము. వారు పనికి అడ్డు వచ్చినవారు కారు. అడ్డు వచ్చిన శత్రువుల సంగతి తరువాతి అధ్యాయములో వేరుగా వ్రాయబడెను. ఈ రెండు గుంపులను మనము కలిపివేయుచుందుము. మన పల్లెలలో పెంకుల గుడి విప్పి స్లాబు వేయునప్పుడు, పాత కీర్తన క్రొత్త వాద్యములతో పాడబడునప్పుడు, వెనుక చాప మీద కూర్చుండిన అవ్వ కన్ను తుడుచుకొనినచో, “అవ్వకు క్రొత్తది గిట్టదు” అని పడుచువాండ్రు తేల్చివేయుదురు. ఆమెకు గిట్టనిది క్రొత్తది కాదు. తన పెండ్లి జరిగిన గోడ, తన బిడ్డ బాప్తిస్మము పొందిన నేల ఇక లేవు.

అయితే వృద్ధుల వైపునను ఒక ప్రమాదము కలదు. పని ఆగి చాలా యేండ్లు గడచి, దర్యావేషు రాజు రెండవ సంవత్సరమున మరల ఆరంభమైనప్పుడు, మునుపటి మహిమను చూచినవారు మీలో ఎవరున్నారని హగ్గయి అడిగెను. ఇది మీ కన్నులకు ఏమియు లేనట్టుగా తోచుట లేదా యని కూడ అడిగెను. ప్రవక్త ఆ పోలికను దాచలేదు, వారి నోటనే ఒప్పించెను. ఒప్పించిన పిమ్మటనే, ధైర్యము తెచ్చుకొని పని చేయుడని చెప్పెను. మిరప రైతు “నాటు కాయ రుచి యీ హైబ్రిడుకు లేదు” అనుచునే నారు పోయును గదా! రుచి మరువనక్కరలేదు, మడి బీడు పెట్టనక్కరలేదు.

గుండు హనుమంతరావు గారు 2018 ఫిబ్రవరిలో మృతినొందిరి. 2020 ఉగాది నాడు, దేశమంతట లాక్‌డౌన్ మొదలైన ఆ దినముననే, ‘అమృతం ద్వితీయం’ జీ5లో వచ్చెను. హర్షవర్ధన్ గారు తిరిగి వచ్చిరి. ఆంజనేయులుగా ఎల్బీ శ్రీరామ్ గారు వచ్చిరి. పాత భాగములను నేటికిని యూట్యూబులో చూచువారు చూచుచునే యున్నారు. ఒకే ఫోనులో ఆ రెండును ఇముడుచున్నవి.

క్రొత్త మందిరము కట్ట తలపెట్టిన సంఘములకు మా విన్నపము ఒకటి. పునాది దినమున అతిథుల ప్రసంగములు కొంత తగ్గించి, పాత గుడిని ఎరిగిన ఒక వృద్ధునికో, ఒక అవ్వకో పది నిమిషములు ఇయ్యుడి. ఆ మాటల మధ్య వారికి ఏడ్పు వచ్చినచో, ఎవరును లేచి పాట ఎత్తుకొనవద్దు.