కొంగల ఛాయాచిత్రణము

గుండ్లకమ్మకు అడ్డముగా విజయనగర కాలమున కట్టిన మన కంభం చెరువు 2020లో ప్రపంచ వారసత్వ నీటిపారుదల కట్టడముగా గుర్తింపు పొందినది. అచ్చట కెమెరా పట్టు విద్యార్థి మొదట పక్షిని ఎరుగవలెను. నల్లని ముక్కు, నల్లని కాళ్లు, పసుపు పాదములు గలది చిన్న తెల్లకొంగ. పశువుల వెంట మిడతలను ఏరుకొను పసుపు ముక్కుది వేరు జాతి. తెలుగువారము రెంటిని కొంగ యందుము; ఉర్దూ మిత్రులు బగులా యందురు.

తెలుపే ఇందలి చిక్కు. చుట్టును ముదురు నీరున్నచో కెమెరా వెలుగును అధికముగా గ్రహించును. ఈకల గీతలు మాసిపోవును. అప్పుడు వెలుగును ఒక మెట్టు తగ్గింపవలెను. ఉదయపు ఏటవాలు ఎండ శ్రేష్ఠము.

గూళ్ల సంగతి వేరు. మనిషి దాపునకు పోయిన తల్లి లేచిపోవును. అంతలో కాకి గుడ్లను తన్నుకొనిపోవును. గూడు కట్టు కాలమున వెన్నుపై పెరుగు సన్నని ఈకలకై, పాశ్చాత్య స్త్రీల టోపీల నిమిత్తము, కొంగలను విరివిగా చంపిరి. 1902లో ఈ దేశమునుండి ఈకల ఎగుమతిని నిషేధించిరి. ఆ ఈకలే నేడు ఛాయాచిత్రకారునకును ఆశ. గావున గూటివద్ద మేము చిత్రము తీయము. అట్టిది ఎంత అందమైనదైనను ఈ సంచికలో ప్రచురింపవలదని కమిటీ పెద్దలను కోరుచున్నాము.