మంచునదిమీద వసంతయాత్ర: ముందుగా యోచింపవలసిన సంగతులు

విద్యార్థులారా, మన గోదావరి మండలమున ఎండలు ముదిరినంతనే జనులు చల్లని తావులను తలపోయుదురు. కలిగినవారు ఉదకమండలమునకో కొడైకెనాలునకో పోవుదురు. ఐరోపాలో ఉద్యోగములందున్న బిడ్డలను చూడబోయిన తల్లిదండ్రులు ఆల్ప్స్ పర్వతములను గూడ చూచి వచ్చుట యిప్పుడు వింత కాదు. ఆ పర్వతములందలి ముఖ్యమైన వినోదము స్కీ. పాదములకు సన్నని పొడవైన పలకలు బిగించుకొని మంచువాలుమీద జారిపోవుటకే ఆ పేరు. ఇట్టి యాత్రకు ధనముండిన చాలునని పలువు రనుకొందురు. కాని ఏ నెల, ఏ యెత్తు, ఏ వేళ యను మూడింటిని నిర్ణయించునది మంచే. మన సెలవులు దాని ననుసరింపవలయును. దీనిని వివరించుటయే ఈ పాఠముయొక్క ఉద్దేశము.

ఈ క్రీడకును చెన్నపురికిని గల సంబంధము

హెన్రీ లన్ అను వైద్యుడు 1887లో మెథడిస్టు మిషను పక్షమున వైద్యసేవకై భారతదేశమునకు వచ్చెను. 1888 ఏప్రిల్ 18వ తేదీన చెన్నపట్టణమున ఆయనకు ఆర్నాల్డ్ అను కుమారుడు జన్మించెను. ఆనాడు మన గోదావరి జిల్లాయు చెన్నరాజధానిలోనిదే. తండ్రి త్వరలోనే స్వదేశమునకు మరలి, 1892లో స్విట్జర్లండునందలి గ్రిండెల్‌వాల్డు గ్రామమున క్రైస్తవసంఘముల ఐక్యమునుగూర్చి సభ జరిపించెను. ఆ సభకు జనులను కొనిపోయిన అనుభవమే ఆయనను యాత్రల వ్యాపారమునకు తెచ్చెను. కుమారుడైన ఆర్నాల్డ్ లన్ 1922లో మ్యూరెన్ గ్రామమున, పాతిన గుర్తుల నడుమ వంకరలు తిరుగుచు దిగు ‘స్లాలం’ పందెమును క్రొత్త నియమములతో నడిపించెను. 1936లో ఆల్ప్స్ రీతి స్కీ పందెములు ఒలింపిక్ క్రీడలలో చేరినవి.

హిమానీనద మననేమి?

మన గోదావరి త్ర్యంబకముచెంత పడమటి కనుమలలో పుట్టి వర్షజలముచే నిండును. భాగీరథి యట్లుగాక గంగోత్రి హిమానీనదమునుండి వెలువడును. మిక్కిలి యెత్తైన కొండలపై కురిసిన మంచు వేసవిలో పూర్తిగా కరగక, ఏటేట పొరలుగా పేరుకొని, తన బరువుచేతనే అణగి గట్టి గడ్డయై, మెల్లమెల్లగా పల్లమునకు జరుగును. నిలిచియున్నట్లు కానవచ్చినను అది నడచుచున్న నది. ఆ నడకలో గడ్డ చీలి లోతైన బీటలేర్పడును. వాటిపై క్రొత్తమంచు పలుచని కప్పువలె నిలిచి, ఎండకు మెత్తబడి, కాలు మోపినవానిని లోనికి దింపును. కావున గుర్తులు పాతిన దారిని విడిచి ఒక్క అడుగైనను పోరాదు.

ఏ నెల? ఏ యెత్తు?

మనదేశమున కాశ్మీరమందలి గుల్‌మర్గ్, ఉత్తరాఖండమందలి ఔలీ స్కీకి ప్రసిద్ధి చెందినవి. కాని మన వేసవి సెలవులనాటికి ఔలీ వాలులందు మంచు కరగిపోవును. ఆల్ప్స్‌లోను ఏప్రిల్ నాటికి పల్లపు గ్రామములయొద్ద పచ్చిక కనబడును. అప్పుడు హిమానీనదములే గతి. ఆస్ట్రియాలోని హింటర్‌టుక్స్‌లో స్కీవాలులు సుమారు 3,250 మీటర్లవరకు పోవును. స్విట్జర్లండులోని జెర్మాట్ గ్రామమునకు పైన రోప్‌వే 3,883 మీటర్లయెత్తున నున్న స్థలమునకు చేర్చును.

వెయ్యి మీటర్లు పైకెక్కినకొలది చలి సుమారు ఆరున్నర సెంటిగ్రేడు డిగ్రీలు హెచ్చును. ఇన్‌స్‌బ్రుక్ పట్టణము సుమారు 574 మీటర్ల యెత్తుననున్నది. అచ్చట 15 డిగ్రీల వేడిమి యున్ననాడు, 3,250 మీటర్లయెత్తున సుమారు సున్నకు దిగువ రెండు డిగ్రీలుండును. పల్లమున చొక్కాతో తిరిగినవాడు పైన ఉన్నిబట్టలు లేక వణకును.

శరీరమును సిద్ధపరచుట

మన కోరుకొండ మెట్లెక్కునప్పటి రొప్పు శ్రమచేత కలుగునది. క్షణము కూర్చున్న తీరును. 3,000 మీటర్లయెత్తున గాలియొక్క ఒత్తిడి సముద్రమట్టముననున్న దానిలో సుమారు పదింట ఏడుపాళ్లే. అంతమేరకు ప్రాణవాయువు తగ్గుటచే తలనొప్పి, వికారము కలుగవచ్చును. అట్టి లక్షణములు కనబడినచో పైకి పోక క్రిందికి దిగవలయును. మొదటి దినములు దిగువ గ్రామమున బసచేయుట మేలు.

2014 మే 25న ఎవరెస్టు నెక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్‌కుమార్ అను తెలుగు విద్యార్థులు ముందుగా భువనగిరి బండపైన, పిమ్మట డార్జిలింగునందును లడాఖునందును అభ్యాసము చేసిరి. పూర్ణకు అప్పటికి 14 ఏండ్లు నిండలేదు. విజయనగరము చెంతనున్న మరియొక కోరుకొండలోని సైనికపాఠశాలలో చదివిన మల్లి మస్తాన్‌బాబు, 2006లో ఏడు ఖండముల అత్యున్నత శిఖరములను 172 దినములలో నెక్కిన ప్రవీణుడు. అట్టివాడును 2015లో ఆండీస్ పర్వతములలో ప్రాణము కోల్పోయెను. ప్రవీణులకే యిట్లయినప్పుడు, వినోదమునకై పోవు క్రొత్తవారు ఉపాధ్యాయుని సాయము లేక వాలుమీదికి పోదగదు.

ఏ వేళ?

వసంతమున రాత్రి మంచు గట్టిపడును. ఉదయమున ఎండకు పైపొర కొంచెము మెత్తబడి జారుటకు అనుకూలించును. మధ్యాహ్నమునకు తడిసి బరువెక్కి చరియలుగా విరిగిపడవచ్చును. కాబట్టి తెల్లవారగనే బయలుదేరి మధ్యాహ్నమునకు దిగివచ్చుట తెలివి. క్రొత్తమంచు తనపై బడిన అతినీలలోహిత కిరణములలో నూటికి 80 వరకు తిరిగి కొట్టును. నల్లకళ్లద్దములు లేనివారికి కండ్లు మండి కొంతకాలము చూపు కానరాదు.

ప్రయాణపత్రములు

వీసాకు ప్రయాణమునకు ఆరు నెలలకు ముందుగా అర్జీ చేయరాదు. పదునైదు దినములకు లోపుగా చేసిన ఫలము లేదు. 30,000 యూరోలకు తక్కువ కాని వైద్యబీమా వలయును. ఆ బీమాలో స్కీవలన కలుగు గాయములు చేరినవో లేవో చదివి చూడవలయును. సాధారణ బీమాలలో అవి తరచుగా చేరవు.

కరగుచున్న నిధి

2022, 2023 సంవత్సరములు రెంటిలోనే స్విట్జర్లండు హిమానీనదములు తమ మంచులో సుమారు పదవవంతును కోల్పోయినవి. 2022 జులైలో జెర్మాట్‌నందు వేసవి స్కీని నిలుపవలసి వచ్చెను. కొన్నిచోట్ల తెల్లని గుడ్డలు కప్పి మంచును కాపాడుచున్నారు. ఐక్యరాజ్యసమితి 2025ను హిమానీనద సంరక్షణ సంవత్సరముగా ప్రకటించి, మార్చి 21ని వాటి దినముగా నిర్ణయించినది. ఆ గడ్డలు స్కీ ఆడువారికి వినోదము. దిగువ పొలములకు వేసవినీరు. కాలువనీటి విలువ నెరిగిన డెల్టావారికి ఈ మాట వివరింప నక్కరలేదు. అచ్చటికి పోవు భాగ్యము కలిగినవారు ఆటతో తృప్తినొందక, మంచు నిరుడెంతవరకు నుండెనో, నేడెంతవరకు నున్నదో అచ్చటివారి నడిగి, తిరిగివచ్చి మనకు చెప్పుదురుగాక.

అభ్యాసము

1. 1,600 మీటర్లయెత్తున 12 డిగ్రీల వేడిమి యున్నచో 3,600 మీటర్లయెత్తున ఎంత యుండును?
2. గోదావరికి వరద ఏ నెలలలో వచ్చును? హిమానీనదమునుండి పుట్టిన నదికి ఎండకాలమునందును నీరెట్లు కలుగును?
3. వసంతమున స్కీ ఆటను మధ్యాహ్నమునకే ఏల ముగింపవలయును?