కలబందకు ఎంత ఎండ? డ్రాగన్ మొక్కకు ఎంత నీడ?

ఝరాసంగం, జహీరాబాద్ ప్రాంతంలో చాలా ఇళ్ల ముందు కలబంద కుండీ ఉంటుంది. కొందరు దిష్టి తగలకుండా వేళ్లతో సహా గుమ్మానికి వేలాడదీస్తారు. నీళ్లు లేకున్నా, మట్టి లేకున్నా అది నెలల తరబడి పచ్చగానే ఉంటుంది. అందుకే "దీనికి ఏం పెట్టినా పెట్టకున్నా బతుకుతది" అనుకుంటాం. మరి అదే కలబందను ఇంటి లోపలి నుంచి తీసి ఏప్రిల్ ఎండలో పెడితే వారం తిరక్కుండానే ఆకులు కాలిపోతాయి. ఎందుకిలా? ఈ సంగతి తెలుసుకుంటే కుండీలో కలబందే కాదు, చేలో డబ్బు పోసి పెట్టిన డ్రాగన్ ఫ్రూట్ మొక్కలనూ కాపాడుకోవచ్చు.

పగలు ముక్కు మూసుకునే మొక్కలు

మామూలు పైర్లు పగలు ఆకుల రంధ్రాలు తెరిచి గాలి పీల్చుకుంటాయి. అదే సమయంలో నీటి ఆవిరి బయటికి పోతుంది. మనకు చెమట పట్టినట్లన్నమాట, దాంతో ఆకు చల్లబడుతుంది. కలబంద, రణపాల, నాగజెముడు, డ్రాగన్ వంటి కండగల మొక్కల పద్ధతి వేరు. నీరు పోకుండా ఇవి పగలు రంధ్రాలు మూసుకుంటాయి. రాత్రి తెరిచి గాలి పీల్చి, దాన్ని పులుపు రూపంలో దాచుకుంటాయి. తెల్లవారాక ఆ పులుపును వాడుకొని ఆహారం తయారు చేసుకుంటాయి.

ఇది మన గడ్డ మీదే గమనించిన విషయం. ఒకప్పుడు సామర్లకోట తోటను చూసుకున్న బెంజమిన్ హైన్ అనే వృక్ష శాస్త్రజ్ఞుడు, రణపాల ఆకు పొద్దున పుల్లగా ఉండి మధ్యాహ్నానికి చప్పబడుతోందని 1813లో ఒక ఉత్తరంలో రాశారు. కావాలంటే మీరూ చూడండి. పొద్దున ఒక ముక్క, మధ్యాహ్నం ఒక ముక్క నాలుకకు తాకించి ఉమ్మేయండి, మింగవద్దు. రణపాల పశువులకు విషం, వాటికి అందకుండా పెంచాలి.

ఇక అసలు విషయం. పగలు రంధ్రాలు మూసుకున్న మొక్కకు చెమట పట్టదు. కాబట్టి ఎండకు దాని ఒళ్లు బాగా కాగుతుంది. నీడకు అలవాటుపడ్డ మొక్కయితే ఆ వేడికి, వెలుగుకు తట్టుకోలేక కమిలిపోతుంది.

ఎండ చాలలేదా, ఎక్కువైందా?

మొక్కే చెబుతుంది. ఎండ చాలకపోతే ఆకులు పలచబడి, పాలిపోయి, పొడుగ్గా సాగుతాయి. కిటికీ వైపు వంగుతాయి. పిలకలు తగ్గుతాయి. ఎండ ఎక్కువైతే ముందు ఆకు ఎర్రబారుతుంది. ఇది హెచ్చరిక మాత్రమే, కాస్త నీడకు మారిస్తే మళ్లీ పచ్చబడుతుంది. తెల్లగా లేదా గోధుమ రంగులో ఎండిన మచ్చలు పడితే అది కాలిన గాయం. ఆ మచ్చ ఇక మానదు. కొత్త ఆకు రావాల్సిందే.

వెలుగు కొలవడానికి యంత్రాలు అక్కరలేదు. మిట్టమధ్యాహ్నం కుండీ పెట్టే చోట తెల్ల కాగితం పరిచి, దానికి జానెడు ఎత్తులో చెయ్యి పెట్టండి. నీడ అంచులు గీత గీసినట్లు స్పష్టంగా ఉంటే అది పూర్తి ఎండ. నీడ మసకగా పడితే మధ్యస్థం. అసలు నీడే పడకపోతే కలబందకు ఆ చోటు పనికిరాదు.

ఏ వైపు అరుగు మంచిది?

తూర్పు అరుగు అన్నిటికన్నా మేలు. పొద్దుటి లేత ఎండ నాలుగైదు గంటలు తగిలితే కుండీలో కలబందకు చాలు. పడమర వైపు ఎండాకాలంలో వద్దు, అటు మధ్యాహ్నపు మంట తగులుతుంది.

దక్షిణపు అరుగు చలికాలంలో మంచిది. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కనుక ఎండ చూరు కింది నుంచి లోపలికి వస్తుంది. మన ప్రాంతంలో మే రెండో వారం వచ్చేసరికి మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నెత్తి మీదికి వస్తాడు. అక్కడి నుంచి ఆగస్టు మొదటి రోజుల దాకా మధ్యాహ్నం వేళ కాస్త ఉత్తరంగానే ఉంటాడు. అప్పుడు దక్షిణపు అరుగు మీద మధ్యాహ్నపు ఎండ పడదు.

ఎండాకాలం కుండీని షాబాద్ బండల మీద, రేకుల పక్కన పెట్టకండి. పైన ఎండ, కింద సెగ రెండూ తగులుతాయి.

ఎండకు అలవాటు చేసే పద్ధతి

నీడలో ఉన్న మొక్కను మొదటి వారం రోజూ గంటసేపు మాత్రమే పొద్దుటి ఎండలో పెట్టండి. రెండో వారం రెండు గంటలు, మూడో వారం మూడు నాలుగు గంటలు. నాలుగో వారానికి ఎండలోనే వదలవచ్చు. నీళ్లు మాత్రం పై రెండంగుళాల మట్టి పొడిగా అయ్యాకనే పోయాలి. కాలిన మొక్కకు జాలిపడి బిందెలతో పోస్తే వేరు కుళ్లి చస్తుంది.

చేలో డ్రాగన్ మొక్కకు ఇదే పాఠం

కలబంద పుట్టిల్లు అరేబియా ఎడారి. అలవాటైతే పూర్తి ఎండను ఓర్చుకుంటుంది. డ్రాగన్ మాత్రం మధ్య అమెరికా అడవుల్లో చెట్లను పట్టుకొని పాకే జెముడు జాతి మొక్క. కొమ్మల మధ్య నుంచి జారే ఎండ దానికి అలవాటు. ఇది తెలియక "జెముడే కదా, ఎండకేమైతది" అని కొందరు నర్సరీ నీడలో పెరిగిన మొక్కలు తెచ్చి ఫాల్గుణ, చైత్ర మాసాల్లో నేరుగా చేలో నాటేస్తారు. కాండం పసుపుబారి, కాలి, ఆ గాయం గుండా కుళ్లు పడుతుంది. స్తంభం, తీగ, డ్రిప్పు, మొక్క అన్నిటికీ ముందే ఖర్చు పెట్టిన చిన్న రైతుకు ఇది కోలుకోలేని దెబ్బ.

అందుకే ఈ జాగ్రత్తలు పాటించండి:

• మొక్కలు కొనేటప్పుడు అవి షేడ్‌నెట్ కింద ఉన్నాయా, బయట ఉన్నాయా అడగండి. నీడలోవైతే మూడు నాలుగు వారాలు ఇంటి దగ్గర అలవాటు చేయండి.

• జూన్, జూలైలో వానలు పడ్డాక నాటండి. మబ్బులు మొక్కకు గొడుగు పడతాయి. నీరు నిలిచే నల్లరేగడి కన్నా నీరు ఇంకే ఎర్రనేల మేలు.

• నర్సరీలో ఎండ తగిలిన వైపు సున్నంతో చుక్క పెట్టుకొని, నాటేటప్పుడు ఆ వైపే నైరుతికి తిప్పండి. నీడలో ఉన్న వైపు ఒక్కసారిగా మండే ఎండకు గురికాదు.

• మార్చి నుంచి మే దాకా లేత తోటకు పడమర, నైరుతి వైపుల కందికట్టె, జొన్నచొప్పతో తడికె కట్టండి. స్తోమత ఉంటే 30 నుంచి 50 శాతం నీడనిచ్చే షేడ్‌నెట్ వేసుకోవచ్చు. వానలు మొదలవగానే తీసేయాలి. నీడ ఎక్కువైతే పూత తగ్గుతుంది.

• మొదలు దగ్గర చెత్తతో మల్చింగ్ చేయండి. కాండానికి మాత్రం తగలనివ్వవద్దు.

డ్రాగన్ వేద్దామనుకునే రైతులు ముందు ఒక కలబంద పిలకను నాలుగు వారాలు ఎండకు అలవాటు చేసి చూడండి. పైసా ఖర్చు లేని పని. అది కాలకుండా నిలబెట్టగలిగితే, చేలో మొక్కలకు ఎప్పుడు నీడ కావాలో, ఎప్పుడు ఎండ కావాలో మీ కంటికే తెలిసిపోతుంది.