ఏ ఊరి కొలత ఆ ఊరిదే

పటాన్‌చెరు

చిరంజీవి మేనకోడలికి,

ఇటలీలోని బొలోన్యాలో రూము దొరికిందనీ, నీతో చదివే గుంటూరు అమ్మాయి కూడా అదే ఇంట్లో చేరిందనీ మీ అమ్మ చెప్పింది. మనసు కుదుటపడింది. ఆదివారాలు ఇద్దరూ కలిసి ఏ ఊళ్లు చూస్తే బాగుంటుందో మామనడుగు అన్నావట. ఫోనులో అయితే నాలుగు పేర్లు చెప్పి ఊరుకుంటాను. అందుకే ఉత్తరం రాస్తున్నా బిడ్డా, తీరిగ్గా చదువుకో.

మన మందుల ఫ్యాక్టరీల్లో మాత్రల్ని స్ట్రిప్పుల్లో, డబ్బాల్లో నింపే యంత్రాలకు బొలోన్యా పెట్టింది పేరు. ఊరి చుట్టూ ఆ మిషన్లు చేసే కంపెనీలే. ప్యాకింగ్ సెక్షన్లో మెయింటెనెన్స్ ఫిట్టరుగా ఉన్న నన్ను మిషను పని నేర్చుకుని రమ్మని అక్కడికి పంపారు. కొన్ని నెలలు అక్కడే కిరాయి రూములో వండుకు తిన్నాను. అంతకు ఎన్నో ఏళ్ల ముందు జోగిపేట పక్క పల్లె నుంచి పటాన్‌చెరుకు వచ్చినప్పుడూ నేను పరాయివాణ్నే. ఈ రెండు వలసలూ నాకు నేర్పింది ఒకటే. ప్రతి ఊరికీ దాని కొలత దానికుంటుంది. మన కొలకర్రతో కొలుస్తూ పోతే అక్కడ ఏదీ సరిగ్గా కనపడదు. మన కొలకర్ర పారెయ్యక్కర్లేదు. పక్కన పెట్టి, ముందు ఆ ఊరి కొలత నేర్చుకోవాలి.

ఊళ్ల సంగతి తర్వాత, ముందు కాగితాలు. ఇటలీలో దిగిన ఎనిమిది పనిదినాల్లోపు నివాస అనుమతికి దరఖాస్తు పెట్టాలి. వాళ్లు దాన్ని ‘పెర్మెస్సో ది సొజ్జోర్నో’ అంటారు. కిట్ పోస్టాఫీసులో ఇస్తారు. నింపి, 16 యూరోల స్టాంపు అంటించి, పాస్‌పోర్టు, వీసా, అడ్మిషను, ఇన్సూరెన్సు నకళ్లు జతచేసి కౌంటర్లో ఇవ్వు. ఒక రసీదూ, వేలిముద్రల కోసం క్వెస్తూరాకు, అంటే పోలీసు కార్యాలయానికి, ఏ రోజు వెళ్లాలో రాసిన చీటీ ఇస్తారు. కార్డు చేతికి రావడానికి నెలలు పట్టొచ్చు. అప్పటిదాకా ఆ రసీదే నీకు ఆధారం, ప్రాణంలా దాచుకో. పన్నుల శాఖ ఇచ్చే ‘కోదిచె ఫిస్కాలె’ నంబరు కూడా వెంటనే తీసుకో. అది లేకుండా కిరాయి ఒప్పందం గానీ బ్యాంకు ఖాతా గానీ ముందుకు కదలవు. స్కాలర్‌షిప్ గడువు తేదీలు రాసి గోడకు అంటించు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, 2025 జూన్ 30న మన పాశమైలారంలో ఫ్యాక్టరీ పేలినప్పుడు నలభై మందికి పైగా పోయారు. వాళ్లలో చాలామంది బిహారు, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లు. ఎవరు ఎవరో డీఎన్‌ఏ పరీక్షలతో తేల్చాల్సి వచ్చింది. కొందరి ఆనవాలే దొరకలేదు. అంతకు ఏడాది ముందు, 2024 జూన్‌లో, రోముకు దక్షిణాన లతీనా దగ్గర పొలంలో పనిచేసే సత్నాం సింగ్ అనే పంజాబీ యువకుడి చెయ్యి మిషనులో పడి తెగిపోయింది. ఆసుపత్రికి తీసుకుపోకుండా అతన్ని ఇంటి ముందు వదిలేసి పోయారు. అతను బతకలేదు. కాగితాలూ ఒప్పందమూ లేని పని అది. పరాయిచోట మనిషి పేరు ఒక రిజిస్టరులో ఉండాలి, నలుగురి నోళ్లలో ఉండాలి. చదువుకునేవాళ్లకు అక్కడి చట్టం వారానికి 20 గంటలు, ఏడాదికి 1,040 గంటలు పనిచేయనిస్తుంది. చెయ్యి, తప్పు లేదు. కానీ రాతపూర్వక ఒప్పందం లేకుండా ఒక్క పూట కూడా పనికి పోవద్దు.

కాగితాలు ఒక దారికి వచ్చాక నడువు. బొలోన్యాను కాలినడకనే నేర్చుకోవాలి. ఇళ్ల ముందు స్తంభాల వరండాలు ఒకదాంతో ఒకటి కలిసి ఊరంతా సాగుతాయి. అన్నీ కలిపితే 62 కిలోమీటర్లు. 2021లో యునెస్కో వాటిలో కొన్నిటిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. వానొచ్చినా గొడుగు లేకుండా చాలా దూరం పోవచ్చు. అవి ఎలా పుట్టాయో నువ్వు తప్పకుండా తెలుసుకోవాలి. నీ విశ్వవిద్యాలయం 1088లో మొదలైందని చెప్తారు. చదువు కోసం పరదేశాల నుంచీ పని కోసం పల్లెల నుంచీ జనం వచ్చిపడ్డారు. జాగ చాలక ఇళ్లవాళ్లు పై అంతస్తును వీధి మీదికి జరిపి, కింద గుంజలు నిలబెట్టారు. దాంతో పైన గది పెరిగింది, కింద దారి అలాగే మిగిలింది. 1288లో నగరం శాసనం చేసింది: కొత్త ఇల్లు కడితే వరండా ఉండి తీరాలి. జాగ ఇంటివాళ్లదే, బాగుచేసే ఖర్చూ వాళ్లదే, నడిచే హక్కు మాత్రం అందరిదీ. ఎత్తు కనీసం ఏడు అడుగులు, గుర్రం మీద మనిషి తల వంచకుండా పోగలిగేంత. ఆ అడుగు మన ఫుట్టు కాదు, బొలోన్యా అడుగు, సుమారు 38 సెంటీమీటర్లు. కొత్తగా వచ్చినవాళ్లకు చోటివ్వడం కోసం ఊరు తన ఇళ్ల రూపే మార్చుకుంది. నువ్వు ఆ నీడలో నడుస్తున్నప్పుడు బెరుకు వద్దు.

ఆ అడుగు ఎంతుంటుందో కళ్లతో చూడొచ్చు. పియాజ్జా మజ్జోరెలో పాత నగరపాలక భవనం, పలాజ్జో దక్కూర్సియో, గోడ దగ్గరికి పో. రాతిలో చెక్కిన గాడులు కనపడతాయి. ఇది అడుగు, ఇది మూర, ఇది ఇటుక, ఇది కప్పు పెంకు. బట్ట కొన్నవాడికో ఇటుకలు కొన్నవాడికో అనుమానం వస్తే అక్కడికి వచ్చి పెట్టి చూసుకునేవాళ్లు. వెర్నియరు పట్టుకుని బతికినవాణ్ని కదా, ఆ గాడి అంచు మీద వేలు పెట్టి చాలాసేపు నిలబడ్డాను. కొలతను దుకాణదారు చేతిలో వదలకుండా అందరి కళ్లెదుట గోడకెక్కించారు. మోదెనా పోయినప్పుడు అక్కడి కేథడ్రల్ వెనకగోడ మీదా ఇలాంటివే చూస్తావు. రెండు ఊళ్ల మధ్య దూరం నలభై కిలోమీటర్లే. అయినా ఎవరి అడుగు వాళ్లదే.

గోడ మీద చెక్కని కొలతలు ఇంకా ఎక్కువ, అవి మనుషుల్ని చూసి నేర్చుకోవాలి. దుకాణంలో అడుగుపెట్టగానే ‘బొంజోర్నో’ అనాలి, ఏం కావాలో ఆ తర్వాతే అడగాలి. చిన్న ఊళ్లలో మధ్యాహ్నం కొట్లు మూసేస్తారు, అప్పుడు తిండి వెతుక్కుంటే దొరకదు. కాఫీ కౌంటరు దగ్గర నిలబడి తాగితే ఒక ధర, కూర్చుంటే చాలాచోట్ల ఇంకో ధర. హోటల్ బిల్లులో ‘కోపెర్తో’ అని మనిషికింత వేస్తారు, అది మోసం కాదు, ఆనవాయితీ. ఏ రోజు ఏ చెత్త బయట పెట్టాలో ఇంటి ఓనరునడిగి తెలుసుకో, ఇరుగుపొరుగుకు నీ మీద గౌరవం కలిగేది అక్కడే. ఆగస్టు 15 చుట్టుపక్కల ఊరు సగం సెలవులో ఉంటుంది, పనులు ముందే చక్కబెట్టుకో. ఇక మీ అమ్మ బెంగ తిండి గురించి. కందిపప్పు, బియ్యం, కారం బంగ్లాదేశీ, పాకిస్తానీ దుకాణాల్లో దొరుకుతాయి. వారంలో ఒక పూటైనా పప్పన్నం వండుకో. ఒక పూట అక్కడివాళ్లతో కలిసి అక్కడి తిండి తిను.

ఇప్పుడు సోపతి గురించి. పరదేశంలో విద్యార్థికి సోపతే రక్ష అని బొలోన్యాకు ఎప్పుడో తెలుసు. విశ్వవిద్యాలయం తొలినాళ్లలో బయటినుంచి వచ్చిన విద్యార్థులకు ఆ ఊళ్లో పౌరహక్కులు ఉండేవి కావు. తమ దేశంవాడు ఎవడో అప్పు ఎగ్గొడితే దారినపోయే విద్యార్థిని పట్టుకుని వసూలు చేసేవాళ్లు. 12వ శతాబ్దంలో ఫ్రెడరిక్ బార్బరోసా చక్రవర్తి అది కూడదని శాసనమిచ్చాడు. విద్యార్థులు కూడా దేశాలవారీగా ‘నేషన్’ అనే సంఘాలు కట్టి ఒకరికొకరు అండగా నిలిచారు. ఆర్కిజిన్నాజియో అనే పాత విద్యాభవనం గోడల నిండా విద్యార్థుల వంశచిహ్నాలు వేల కొద్దీ ఉంటాయి. ఎక్కడెక్కడి నుంచి వచ్చారో చూడు.

మీ ఇద్దరి మధ్య మూడు కట్టుబాట్లు పెట్టుకోండి. పైసల లెక్క ప్రయాణం నుంచి వచ్చిన రాత్రే తేల్చుకోండి, ఎల్లుండికి వాయిదా వెయ్యొద్దు. ఒక ఊళ్లో దారి అడగడం, టికెట్టు కొనడం, తిండి చెప్పడం అంతా ఒకరి పని, పక్క ఊళ్లో రెండోవాళ్ల పని. లేకపోతే భాష ఒకరికే వస్తుంది, రెండోవాళ్లు వెనక నడిచేవాళ్లే అవుతారు. ఊళ్లో ఒక గంట విడిగా తిరిగి, చెప్పుకున్న చోట కలవండి. ఒకే వీధిలో ఇద్దరు చూసింది రెండు రకాలుగా ఉంటుంది, తిరుగు రైల్లో మాట్లాడుకోవడానికి అదే సరుకు. కాగితపు టికెట్టు తీసుకుంటే రైలెక్కే ముందు ప్లాట్‌ఫారం దగ్గరి మిషనులో ముద్ర కొట్టించడం మరవొద్దు, లేకపోతే జరిమానా పడుతుంది. అత్యవసరానికి 112.

ఊళ్లు ఎలా ఎంచుకోవాలంటే, దారి పట్టుకుని పోవాలి. క్రీస్తుపూర్వం 187లో రోమన్ కాన్సుల్ మార్కుస్ ఎమీలియుస్ లెపిదుస్ రిమినీ నుంచి పియాచెంజా దాకా తిన్నటి రోడ్డు వేయించాడు. మన బొంబాయి రోడ్డు మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం, కంది, సంగారెడ్డి, సదాశివపేట, జహీరాబాద్ వరసగా వచ్చినట్టు, ఆ రోడ్డు మీద చెసేనా, ఫోర్లీ, ఫాయెంజా, ఇమోలా, బొలోన్యా, మోదెనా, రెజ్జో, పార్మా వస్తాయి. రైలు కూడా ఆ రోడ్డు వెంటే పోతుంది. ఫొటోల్లో చూసిన వెనిస్, రోము ఎక్కడికీ పోవు. ముందు ఈ వరస ఊళ్లు చూడండి. ఒక రోజుకు ఒకే ఊరు. పొద్దున సంతలోకి, తర్వాత పెద్ద గుడిలోకి, మధ్యాహ్నం ఊరి బడి వైపు, సాయంత్రం నలుగురూ నడిచే వీధిలోకి.

మోదెనాతో మొదలుపెట్టండి. కేథడ్రల్ పని 1099లో మొదలైంది. కట్టినవాడు లాన్‌ఫ్రాంకో, శిల్పి విలిజెల్మో. పనివాళ్ల పేర్లు గోడ మీదే చెక్కి ఉన్నాయి, వెతికి చూడండి. రవెన్నా ఆ రోడ్డు మీద లేదు, సముద్రం వైపు. అక్కడ 5, 6 శతాబ్దాల మొజాయిక్ పనితనం ఉంది. ఫ్లోరెన్సు వెళ్లగొట్టిన కవి దాంతే 1321లో కన్నుమూసింది అక్కడే. ఫ్లోరెన్సు తర్వాత ఘనంగా సమాధి కట్టించుకుంది గానీ అది ఖాళీదే. ఆశ్రయమిచ్చిన ఊరు ఆయన్ని తిరిగి ఇవ్వలేదు.

రెజ్జో నుంచి చిన్న రైల్లో నోవెల్లారా పోండి. ఆ చుట్టుపక్కల పాడి పంజాబీల చేతుల మీద నడుస్తోంది. ఏడాదికి తక్కువ కాకుండా మాగబెట్టే పార్మిజానో జున్ను వెనక వాళ్ల తెల్లవారుజాము చాకిరీ ఉంది. 2000లో అక్కడ గురుద్వారా తెరిచారు. లంగరులో కూర్చుని భోజనం చేయండి, వడ్డించే పెద్దలను వాళ్లు వచ్చిన కథ అడగండి. మన ఇస్నాపూర్‌లో గది కిరాయికి తీసుకున్న ఒడియా పిల్లవాణ్ని అడిగినా దాదాపు అదే కథ చెప్తాడు.

కొండలు దాటి ప్రాతో పోవడం మాత్రం మరవొద్దు. పాత ఉన్ని బట్టలను పీచులు చేసి మళ్లీ బట్ట నేసే ఊరు. ఐరోపాలోని పెద్ద చైనా వలస సమాజాల్లో ఒకటి అక్కడే ఉంది. అక్కడ ఫ్రాంచెస్కో దతీని అనే వర్తకుడి ఇల్లు చూడండి. 1348 ప్లేగులో తల్లిదండ్రులు పోతే కుర్రతనంలోనే ఫ్రాన్సులోని అవిన్యోన్‌కు వలసపోయాడు. ముప్ఫై ఏళ్లకు పైగా అక్కడే వ్యాపారం చేసి, ఊరికి తిరిగొచ్చి, 1410లో పోతూ ఆస్తి పేదలకు రాసిచ్చాడు. ఆయనకు వచ్చిన, ఆయన రాసిన ఉత్తరాలు సుమారు లక్షా యాభై వేలు ఇప్పటికీ ఉన్నాయి. భార్య మార్గరీతా ఆయనకు ఉత్తరాలు సొంత చేత్తో రాయాలని పెద్దయ్యాక రాత నేర్చుకుంది. వాటిలో సరుకు ధరలున్నాయి, జబ్బులున్నాయి, అలకలున్నాయి. ఆ కాలం ఎలా బతికిందో మనకు తెలుస్తోందంటే ఆ కాగితాల పుణ్యమే.

మనవాళ్లలోనూ అంతటి పనిచేసినవాడున్నాడు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య దారి పొడవునా స్నేహితుడికి రాసిన ఉత్తరాలే ‘కాశీయాత్ర చరిత్ర’ అయ్యాయి. ఏ మజిలీలో నీళ్లున్నాయి, సరుకు ఏ ధర, జనం ఎలాంటివాళ్లు, దారి ఎట్లా ఉంది, అన్నీ రాశాడు. నువ్వూ అట్లా రాయి. గుడి ఎంత బాగుందో నాకు ఫొటోలో కనపడుతుంది. టమాటా కిలో ఎంత, బస్సులో ముసలివాళ్లకు ఎవరు లేచి చోటిచ్చారు, ఏ ఊళ్లో ఎవరు నీకు దారి చూపించారు, ఇవి నువ్వు రాస్తేనే తెలుస్తాయి. నెలకు ఒక్క ఉత్తరం చాలు. నీ సోపతి వాళ్లింటికి ఒకటి రాస్తే మరీ మంచిది. రెండిళ్లవాళ్లం పక్కపక్కన పెట్టుకుని చదువుకుంటాం.

వచ్చే సెప్టెంబరులో మన రుద్రారం కాలేజీల నుంచో, కంది నుంచో, గుంటూరు నుంచో ఇంకో పిల్ల బొలోన్యా స్టేషనులో పెట్టెలు పట్టుకుని దిగుతుంది. మీరిద్దరూ వెళ్లి తీసుకురండి. మొదటి రాత్రి అన్నం పెట్టండి, మర్నాడు పోస్టాఫీసుకు తీసుకుపోయి కిట్ దగ్గరుండి నింపించండి. మొదటి ఆదివారం ఆ గోడ మీది కొలతలు చూపించండి. మీకు ఎవరైనా చేసినదానికి బదులు తీర్చుకోవాల్సింది ఆ వచ్చే పిల్లకే.

అమ్మకు రసీదు ఫొటో ఈ వారమే పంపు. ఒంట్లో జాగ్రత్త.

ఆశీస్సులతో,
మీ మామ