సేవల వేలంపాట

పంటకోత పండుగనాడు మన సంఘములలో జరుగు వేలంపాటను చూడని విద్యార్థి యుండడు. ఆరాధన ముగిసిన పిమ్మట గుమ్మడికాయలు, కోళ్లు, కోడిగ్రుడ్లు, కందుల మూటలు, బత్తాయిల గంపలు ఒక్కొక్కటిగా పైకెత్తి చూపబడును. పాట పాడించువాడు ఒకటవసారి, రెండవసారి, మూడవసారి యని కేకవేయును. ఒక్క కోడిగ్రుడ్డు వందరూపాయలకు పోవుటయు, కొన్నవాడు దానిని మరల కానుకగా నిచ్చుటయు, అది మరల పాటకు వచ్చుటయు మనకు క్రొత్తగాదు. ఆ సొమ్ము సంఘపు పనికి చేరును.

ఆ సంతోషములో మనము గమనింపని వారు కొందరు కలరు. ఒక పండుగనాడు గుడి వెనుకవరుసలో నొక కూలితల్లి చివరివరకు చేతులు ముడుచుకొని కూర్చుండుట మేము చూచితిమి. ఆమెకు చేను లేదు, దొడ్డి లేదు. ఆ యేడు వానలు లేనందున పత్తి ఏరు కూలియు దొరకలేదు. ముందుకు రావేమమ్మా యని మేమడుగగా ఆమె, "తెచ్చేటందుకు నా కాడ ఏమున్నది సారూ?" అనెను. ఆ ప్రశ్నకు ఆనాడు మాకు జవాబు తోచలేదు. తరువాత మేము వెదకి నేర్చుకొనిన జవాబును విద్యార్థులకును, వారి తలిదండ్రులకును ఈ పాఠముగా వ్రాయుచున్నాము.

సేవల వేలమనగా నేమి?

వస్తువునకు మారుగా పనిని కానుకగా నిచ్చి, ఆ పనిని పాటకు పెట్టుటయే సేవల వేలము. కుట్టుపని వచ్చినవారు రెండు రవికెలు కుట్టి యిత్తుమని చీటి వ్రాసి యిత్తురు. పాటలో నెక్కువ పలికినవారు ఆ సొమ్మును సంఘపు పెట్టెలో వేసి రవికెలు కుట్టించుకొందురు. కుట్టినవారు కూలి పుచ్చుకొనరు. ఇచ్చట కానుక నిచ్చువారు ఇద్దరు: ఒకరు శ్రమ నిచ్చిరి, ఒకరు ధన మిచ్చిరి.

ఇందు మరియొక మేలు కలదు. ఒకే గుడిలో పదియేండ్లు ప్రక్కప్రక్కన కూర్చుండియు ఒకరి గడప నొకరు త్రొక్కనివారు మనలో నెందరో యున్నారు. గుమ్మడికాయను కొన్నవాడు దానిని పండించినవాని యింటికి పోనక్కరలేదు. సేవను కొన్నవాడు పోకతప్పదు.

దృష్టాంతములు

పనిని కానుకగా నిచ్చుట పురాతనమైన వాడుక. నిర్గమకాండములో ప్రత్యక్షగుడారము కట్టినపుడు ధనికులు బంగారము తెచ్చిరి. నూలు వడకుట యెరిగిన స్త్రీలు తమ చేతులతో వడకి తెచ్చిరి. బెసలేలు తన శిల్పవిద్యను తెచ్చెను. అపొస్తలుల కార్యములలో యొప్పే పట్టణపు దొర్కా విధవరాండ్రకు వస్త్రములు కుట్టి పెట్టెను. ఆమె మరణించినపుడు ఆ విధవరాండ్రు ఏడ్చుచు చూపినవి ఆ వస్త్రములే.

మన తెలుగు సంఘములలో తల్లులు వంటకు బియ్యము పోయుటకు ముందు పిడికెడు తీసి దేవునికని వేరొక కుండలో వేయు ఆచారము కలదు. 1912లో దోర్నకల్ బిషప్పుగా అభిషిక్తులైన వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు, పేదసంఘములు సహితము తమ కానుకలతో తమ పనిని నడుపుకొనవలెనని బోధించిరి. పేదవాని చేయి పుచ్చుకొనుటకే యేర్పడినదను తలంపును ఆయన యొప్పుకొనలేదు.

ఇతరదేశముల సంగతి చూచినచో, అమెరికా, కెనడాలలో మెన్నోనైటు సంఘముల స్త్రీలు కలిసికూర్చుండి బొంతలు కుట్టుదురు. వాటిని వేలము వేసి వచ్చిన సొమ్మును కరవుచేతను యుద్ధముచేతను నలిగినవారికి పంపుదురు. మెన్నోనైటు బ్రదరన్ మిషనరీలు 1899లో హైదరాబాదు సంస్థానమునకు వచ్చిరి. పిమ్మట దేవరకొండయు వారి కేంద్రములలో నొకటి యాయెను. కావున ఆ బొంతలు కుట్టు చేతులకును మన యూరికిని పాత చుట్టరికము కలదు. అమెరికాలో యూనిటేరియన్ యూనివర్సలిస్టు సంఘములు పలువురి పనినే వేలము వేయుదురు: ఒకరు పదిమందికి భోజనము పెట్టుదురు, ఒకరు సంగీతము నేర్పుదురు, ఒకరు తోటపని చేయుదురు.

మన నేలమీద వహింపవలసిన జాగ్రత్త

పొరుగుదేశపు విత్తనమును నాటునపుడు మన నేల గుణము నెరుగవలెను. దేవరకొండ సీమలో పని యను మాట వెనుక బరువైన చరిత్ర యున్నది. నిజాము రాజ్యకాలమున దొరలును అధికారులును బీదకులములవారిచేత కూలి యీయక చేయించుకొనిన పని పేరు వెట్టి. అప్పు తీరక ఏండ్లతరబడి ఒకే దొర యొద్ద జీతముండినవారి పేరు భగేలాలు. ఆ ఒప్పందములను గూర్చి హైదరాబాదు ప్రభుత్వము 1936లో నొక నిబంధన చేసెను. అంతకు ముందే ప్రజలు మేల్కొనిరి. నిజాము రాష్ట్ర ఆంధ్రమహాసభ మొదట 1930లో జోగిపేటలోను, రెండవమారు 1931లో మన దేవరకొండలోనే బూర్గుల రామకృష్ణారావుగారి అధ్యక్షతను సమావేశమాయెను. వెట్టి మాన్పవలెనని ఆ యుద్యమము కోరుచు వచ్చెను. 1950లో అమలునకు వచ్చిన భారత రాజ్యాంగము తన 23వ అధికరణమున వెట్టిని నిషేధించినది. 1976లో పార్లమెంటు వెట్టిచాకిరి రద్దు చట్టము చేసినది.

ఈ చరిత్ర చట్టముల పుస్తకములో మాత్రమే యున్నదని మేము తలంచితిమి. ఆ తలంపు ఒక వేలంపాటలో తొలగినది. ఒక సంఘములో సేవల వేలము నడుపుటకు మేము తోడ్పడితిమి. యౌవనులు ఉత్సాహముతో నొక కుర్రవానిని బల్లమీద నిలువబెట్టి, "ఈతడు ఒక దినమంతయు మీరు చెప్పిన పని చేయును, ఎంత?" అని కేకవేసిరి. అందరు నవ్విరి. మేమును నవ్వితిమి. ముందువరుసలోని వృద్ధుడొకడు కర్ర పట్టుకొని లేచి వెలుపలికి పోయెను. మరునాడు మేమాయన యింటికి పోగా ఆయన, "మా నాయినను గిట్లనే నిలవెట్టి పని చెప్పేటోళ్లు సారూ. అప్పుడు పాట లేకుండె, గంతే" అనెను.

తప్పు యౌవనులది కాదు. ముందుగా నియమములు వ్రాయని మాది. ఆ దినమున మేము నేర్చుకొనిన సూత్ర మిది: పాటకు పెట్టవలసినది పని, మనిషిని పెట్టరాదు. వెట్టిలో పనిని దొర యెన్నుకొనెను, పని కొలతను దొర నిర్ణయించెను, వలదను మాట పనివాని కుండలేదు. సేవల వేలములో పనిని ఇచ్చువాడే యెన్నుకొనవలెను, కొలతను అతడే వ్రాయవలెను, తగని పని యడిగినచో వలదను స్వాతంత్ర్యము అతనికుండవలెను. ఈ మూడింటిలో నేది లోపించినను అది కీర్తన పాడి చేయించిన వెట్టియే యగును.

నడుపు విధము

1. మొదట కార్యమును నిర్ణయింపవలెను. గుడి పైకప్పు బాగుచేయుటయో, వసతిగృహపు పిల్లలకు పుస్తకములు కొనుటయో, ఏదో యొక్కదానిని పేర్కొని సంఘమునకు తెలుపవలెను. దేనికని తెలియని పాటలో చేతులు లేవవు.

2. అయిదుగురితో నొక చిన్న సభ నేర్పరుపవలెను. అందు ఇద్దరైనను స్త్రీలుండవలెను. పాట పాడించువాడు వేరు, సొమ్ము పుచ్చుకొనువాడు వేరు, లెక్క వ్రాయువాడు వేరుగా నుండవలెను.

3. పాటకు నాలుగు వారములు ముందుగా చీటీలు పంచవలెను. ఏ పని, ఎంత పని, ఏ తేదీలోపల, ఎక్కడ, సామాను ఎవరిది అను అయిదు సంగతులు చీటిలో నుండవలెను. "తోటపని చేయుదును" అను చీటి చాలదు. "ఇరువది బత్తాయి చెట్లకు ఎండుకొమ్మలు కత్తిరింతును, ఒక దినము, కత్తెర నాది" అనునది సరియైన చీటి. వ్రాయలేనివారి చీటిని మరియొకరు వ్రాసి, చదివి వినిపింపవలెను.

4. ఎవరి పనిని వారే యీయవలెను. భార్య వండునని భర్తయు, కుమారుడు మోయునని తండ్రియు వ్రాయింపరాదు. పిల్లలు తలిదండ్రుల యనుమతితో, వారి కన్నుల యెదుట జరుగు చిన్నపనులనే యీయవలెను. విద్యుత్తు పనివంటి ప్రాణభయము గల పనులను నేర్చినవారినుండియే పుచ్చుకొనవలెను. ఉపాధ్యాయుడు తన తరగతి పిల్లలకు నేర్పవలసిన పాఠమును పాటకు పెట్టరాదు. అది అతని విధి.

5. చీటీలన్నియు చేరిన పిమ్మట సభవారు వాటిని పరచి చూచి, తమ్ముతా మొక ప్రశ్న వేసికొనవలెను: కులమునుబట్టి ఎవరిమీద నే పని పడుచుండెనో ఆ పనియే మరల వారి పేర వచ్చినదా? వచ్చినచో పెద్దలు మొదట దిగవలెను. ఉద్యోగస్థుడు గుడిని ఊడ్చి కడుగుదునని వ్రాయవచ్చును. చెప్పులు కుట్టువాని కుమారుడు ఫోనులో ప్రభుత్వ దరఖాస్తులు నింపి యిత్తునని వ్రాయవచ్చును. అట్టి రెండు చీటీలు ఒక ప్రసంగముకంటె నెక్కువ చెప్పును.

6. పాట తక్కువనుండి మొదలిడి పదేసి రూపాయలు పెంచవలెను. ధనికులే అన్నియు కొనకుండునట్లు కొన్ని సేవలను భాగములుగా విడదీయవలెను. ఉదాహరణకు, నాలుగు శనివారములు హార్మోనియము నేర్పుదునను చీటిని పదిమంది పిల్లలకు తలకు ఇరువది రూపాయలచొప్పున నిచ్చినచో రెండువందలు వచ్చును, పదిమందియు నేర్తురు. అప్పు పాట పనికిరాదు. అప్పు వలన మన సీమకు గలిగిన కీడు చాలును. పేరు పెట్టి పిలిచి, సిగ్గుపరచి, పాట పెంచుట అంతకంటెను పనికిరాదు.

పాట ముగిసిన తరువాత

గుమ్మడికాయల వేలము ఆ దినముతో ముగియును. సేవల వేలము ఆ దినమున మొదలగును. అందుచేత ఒక పుస్తకములో ఇచ్చినవారు, పుచ్చుకొనినవారు, పని, గడువుతేదీ, నెరవేరిన తేదీ వరుసగా వ్రాయవలెను. రోగమువలన గాని చావువలన గాని పని జరుగనిచో గడువు పొడిగింపవలెను, లేదా సొమ్ము తిరిగి యీయవలెను. నెలలోపల జమాఖర్చులు సంఘము నెదుట చదువవలెను. మొత్తము చెప్పిన చాలును; ఎవరెంత పాడిరో వరుస కట్టి చదువనక్కరలేదు. నెరవేరని చీటి యొక్కటి మిగిలినను, మరుసటి యేడు వేలమునకు నమ్మిక తగ్గును.

పుచ్చుకొనువారికిని విధులు కలవు. పనికి వచ్చినవారిని ముంగిట నిలువబెట్టక లోపలికి పిలువవలెను. మంచినీళ్లు, భోజనము మనము త్రాగు గ్లాసులోనే, మనము తిను పళ్లెములోనే పెట్టవలెను. చీటిలో వ్రాసిన పనికి మించి మరొక్క పని చెప్పరాదు.

మరుసటి యేడు ఈ నియమములతో పాట జరిగినది. వెలుపలికి పోయిన వృద్ధుని మేము ముందుగా కలిసి నియమములన్నియు చదివి వినిపించితిమి. ఆయన విని, తాను నులకమంచము అల్లుదునని చీటి వ్రాయించి, క్రింద "నూలుతాడు కొన్నోళ్లదే" అని గట్టిగా చేర్పించెను. వెనుకవరుసలోని ఆ తల్లి యిరువది జొన్నరొట్టెలు చేసి యిత్తునని వ్రాయించెను. పిండి కొన్నవారిది, పొయ్యి తనది. ఆ రొట్టెలకు పాట నిలువక పోయినందున, ఆమెయే నవ్వుచు మరియొక యిరువది యని చెప్పెను. ఆ సాయంకాలమే కుమారుని విద్యార్థివేతనపు దరఖాస్తు నింపించుటకు ఆమె తన వంతుగా పది రూపాయలు కట్టినది. సంఘపు పుస్తకములో ఆమె పేరు ఇచ్చినవారి వరుసలోను, పుచ్చుకొనినవారి వరుసలోను కూడ నున్నది.

విద్యార్థులకు ప్రశ్నలు

1. మీ యింటిలో నొక్కొక్కరికి వచ్చిన పని యేది? అయిదు సంగతులు కనబడునట్లు మీ పేర నొక చీటి వ్రాయుడు.

2. వెట్టికిని సేవకును గల మూడు భేదములను మీ మాటలలో చెప్పుడు.

3. మీరు ఇంతవరకు గడప త్రొక్కని సంఘస్థుని యిల్లేది? ఏ పని మీదనైన నచ్చటికి పోగలరు? ఈ మూడవ ప్రశ్నకు జవాబు కాగితముమీద వ్రాయనక్కరలేదు.