సైకిల్ మన ఒంటికి సరిపోవాలి

మీ ఇంటి గుమ్మం పక్కన ఒక సైకిల్ ఉందా? పాలు పోయడానికి, కూలికి వెళ్ళడానికి, పిల్లవాణ్ణి బడి దగ్గర దింపడానికి, ఆసుపత్రిలో ఉన్నవారికి క్యారేజీ తీసుకురావడానికి ఎన్నో ఇళ్ళలో ఇప్పటికీ అదే ఆధారం. దాన్ని తొక్కే మనిషి సాయంత్రం ఇంటికి వచ్చి మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటున్నారా? "వయసు మీద పడింది", "వాతం చేసింది" అని మీరంతా సరిపెట్టుకుంటున్నారా?

ఒక్కసారి ఆ సైకిల్ సీటు ఎంత ఎత్తులో ఉందో చూడండి. నొప్పికి కారణం అక్కడ ఉండవచ్చు.

మన ఇళ్ళలో తండ్రి సైకిల్ కొడుక్కి వస్తుంది. అన్న సైకిల్ తమ్ముడు తొక్కుతాడు. పాత సైకిల్ కొంటే దాని సీటు పాత యజమాని కాలి కొలతకే ఉండిపోతుంది. చెప్పులు కొనేటప్పుడు నంబరు చూసుకుంటాం, చొక్కా కుట్టించేటప్పుడు కొలతలు ఇస్తాం. సైకిల్ విషయంలో మాత్రం అది ఎలా ఉంటే అలా మన ఒళ్ళు సర్దుకుంటుంది.

ఒక చిన్న లెక్క వేసుకోండి. నిమిషానికి 60 సార్లు పెడల్ తిప్పితే అరగంటలో ఒక్కొక్క మోకాలు 1,800 సార్లు వంగి లేస్తుంది. రానూపోనూ కలిపితే 3,600 సార్లు. కొలతలో ఉన్న కొద్దిపాటి తప్పు కూడా ఇన్నిసార్లు జరిగితే కీలు నొప్పి పుడుతుంది. ఆ నొప్పికి మందుల షాపులో బిళ్ళలు కొని నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు పడవచ్చు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. పది నిమిషాల స్పానర్ పనితో తగ్గే బాధకు ఇంత మూల్యం చెల్లించడం అవసరమా?

సీటు ఎత్తు ఎంత ఉండాలి?

అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. దీనికి ఇద్దరు మనుషులు కావాలి. ఒకరు వెనుక నిలబడి సైకిల్ కదలకుండా పట్టుకోవాలి. తొక్కేవారు రోజూ వేసుకునే చెప్పులతోనే ఎక్కి కూర్చోవాలి.

1. ఒక పెడల్‌ను పూర్తిగా కిందికి దించండి.

2. ఆ పెడల్ మీద మడమ పెట్టండి. ఇప్పుడు కాలు నిటారుగా చాపినట్లు ఉండాలి. తుంటి పక్కకు ఒరగకూడదు.

3. మడమ తీసి పాదం ముందుభాగాన్ని, అంటే బొటనవేలి మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే చోటును పెడల్ మీద పెట్టండి. ఇప్పుడు మోకాలు కొద్దిగా వంగి ఉంటుంది. ఆ వంపు 25 నుంచి 35 డిగ్రీలు ఉంటే సీటు ఎత్తు సరిపోయినట్లే.

4. మడమ పెట్టినప్పుడే మోకాలు బాగా వంగి ఉంటే సీటు తక్కువ ఎత్తులో ఉంది. మడమ పెడల్‌కు అందకపోతే సీటు మరీ ఎత్తులో ఉంది.

సీటు కిందికి ఉంటే మోకాలు ఎక్కువగా వంగిన స్థితిలోనే బలం పెట్టాల్సి వస్తుంది. అప్పుడు మోకాలి చిప్ప వెనుక ఎముక మీద గట్టిగా ఒత్తుకుంటుంది. మోకాలి ముందుభాగంలో నొప్పి వస్తుంది. మెట్లు దిగేటప్పుడు, కింద కూర్చుని లేచేటప్పుడు ఆ నొప్పి బాగా తెలుస్తుంది. సీటు మరీ పైకి ఉంటే పెడల్ అందుకోవడానికి తుంటి అటూ ఇటూ ఊగుతుంది. అప్పుడు మోకాలి వెనుక, నడుములో, మడమ పైనున్న నరంలో నొప్పి వస్తుంది.

"కాళ్ళు నేలకు ఆనాలి కదా!"

చాలామంది ఇదే అంటారు. సీటు మీద కూర్చునే రెండు పాదాలూ నేలకు ఆనాలని సీటును కిందికి దించుకుంటారు. పడిపోతామన్న భయం సహజమే. కానీ కాలికి సరైన ఎత్తులో సీటు ఉన్నప్పుడు కూర్చుని ఉంటే కాలివేళ్ళు మాత్రమే నేలకు తగులుతాయి. ఆగాలనుకున్నప్పుడు బ్రేకు వేసి, సీటు మీద నుంచి ముందుకు జారి, ఒక కాలు నేల మీద పెట్టాలి. ఖాళీ మైదానంలో రెండు మూడు రోజులు అలవాటు చేసుకుంటే భయం పోతుంది.

వయసు పైబడినవారు, తూలు ఉన్నవారు మాత్రం సీటును కొంచెం కిందికే ఉంచుకోవచ్చు. పడి తుంటి ఎముక విరగడం కంటే మోకాలికి కొద్ది శ్రమ మేలు. అలాంటివారు దూరం తగ్గించుకోవాలి. ఎత్తు, ఎదురుగాలి వచ్చినచోట దిగి నడిపించుకుని వెళ్ళాలి.

ఎత్తు మార్చే పద్ధతి

సీటు పైపును పట్టి ఉంచే నట్టును వదులు చేసి, సీటును అటూ ఇటూ తిప్పుతూ పైకి లాగండి. తుప్పు పట్టి కదలకపోతే సుత్తితో బాదకండి, సైకిల్ షాపులో తీయించండి. ఒకేసారి రెండు మూడు అంగుళాలు పెంచవద్దు. అర అంగుళం చొప్పున పెంచి, నాలుగు రోజులు తొక్కి, మళ్ళీ చూసుకోండి.

ఒక జాగ్రత్త తప్పనిసరి. సీటు పైపు మీద ఇంతకు మించి పైకి తీయకూడదని ఒక గీత ఉంటుంది. ఆ గీత బయటికి కనిపించకూడదు. గీత లేని పైపు అయితే కనీసం రెండున్నర అంగుళాలు ఫ్రేము లోపలే ఉండాలి. లేకపోతే గుంతలో పడినప్పుడు పైపు విరిగి పెద్ద దెబ్బ తగులుతుంది. ఎత్తు చాలకపోతే పొడవైన పైపు వేయించుకోండి.

ఇంట్లో ఇద్దరు ఒకే సైకిల్ తొక్కుతుంటే సీటు పైపు మీద రెండు రంగుల పెయింటుతో రెండు గుర్తులు పెట్టుకోండి. ఎవరు తీసుకువెళితే వారి గుర్తు దగ్గర బిగించుకోవచ్చు.

ఫ్రేమే పెద్దదైతే సీటు దించినా ప్రయోజనం ఉండదు. మన పెద్ద సైకిళ్ళు ఎక్కువగా 22 అంగుళాలు, 24 అంగుళాల ఫ్రేములలో వస్తాయి. అడ్డబారుకు రెండు వైపులా కాళ్ళు పెట్టి నేల మీద నిలబడినప్పుడు బారుకూ ఒంటికీ మధ్య కనీసం ఒక అంగుళం ఖాళీ ఉండాలి. పొట్టివారికి 24 అంగుళాల ఫ్రేము ఎన్నటికీ సరిపోదు. బారు కింద నుంచి కాలు దూర్చి పెద్ద సైకిల్ తొక్కే పిల్లల నడుము ఒక పక్కకు వంగిపోతుంది, పడితే కాలు ఫ్రేములో ఇరుక్కుంటుంది. వారికి వారి ఎత్తుకు తగిన సైకిల్ ఇవ్వండి.

సీటు ముందుకా, వెనక్కా?

రెండు పెడళ్ళూ నేలకు సమాంతరంగా ఉండేలా పెట్టి, ముందున్న పెడల్ మీద పాదం ఉంచండి. ఒక దారానికి నట్టు కట్టి, ముందున్న మోకాలి చిప్ప కింది నుంచి వేలాడదీయండి. దారం ఇంచుమించు పెడల్ ఇరుసు మీదుగా పడాలి. మరీ ముందుకు పడితే సీటును కొంచెం వెనక్కి జరపండి, వెనక్కి పడితే ముందుకు జరపండి. సీటు జరిపిన తరువాత దాని ఎత్తు మరోసారి సరిచూసుకోవాలి.

సీటు వాలు

సీటు మీద ఒక చెక్క పెట్టి చూస్తే అది నేలకు సమాంతరంగా ఉండాలి. సీటు ముక్కు పైకి లేచి ఉంటే మర్మస్థానం దగ్గరున్న నరాలు, రక్తనాళాలు ఒత్తుకుని తిమ్మిరి పడుతుంది. ముక్కు కిందికి వాలి ఉంటే మనిషి ముందుకు జారుతూ ఉంటాడు. ఆ బరువంతా చేతుల మీద పడుతుంది. మన బరువును మోయవలసినవి పిరుదుల లోపలి రెండు ఎముకలు. అందుకే మధ్యలో కుంగిపోయిన సీటును మార్చాలి. మరీ మెత్తని స్పాంజి కవరు కూడా మంచిది కాదు, ఎముకలు అందులో దిగబడి మెత్తని భాగం ఒత్తుకుంటుంది. సాధారణంగా స్త్రీలకు కొంచెం వెడల్పు సీటు సుఖంగా ఉంటుంది.

ఈ తిమ్మిరి గురించి చెప్పడానికి మగవారు సిగ్గుపడతారు. దాచవద్దు. సీటు సరిచేసినా తగ్గకపోతే డాక్టరుకు చెప్పాలి.

హ్యాండిల్ ఎలా ఉండాలి?

సుఖంగా తొక్కడానికి హ్యాండిల్ సీటుతో సమానంగా గానీ, కొంచెం ఎత్తుగా గానీ ఉండాలి. పట్టుకున్నప్పుడు మోచేతులు కొద్దిగా వంగి ఉండాలి. చేతులు కర్రల్లా బిగుసుకుని ఉంటే గుంతల అదురు నేరుగా మెడకు, భుజాలకు చేరుతుంది. మణికట్టు వెనక్కి విరిచినట్లు ఉండకూడదు. చిటికెన వేలు, ఉంగరపు వేలు తిమ్మిరెక్కుతుంటే అరచేతి అంచున ఉన్న నరం ఒత్తుకుంటోందని అర్థం. చేతులు పెట్టే చోటును తరచూ మార్చండి. పట్టు రబ్బర్లు అరిగిపోతే కొత్తవి వేయించండి.

కడ్డీ బ్రేకులున్న సైకిల్‌కు హ్యాండిల్ ఎత్తు మారిస్తే బ్రేకు కడ్డీల కొలత కూడా మారిపోతుంది. కాబట్టి ఈ పని మాత్రం మెకానిక్ చేతనే చేయించి, బ్రేకులు పట్టుతున్నాయో లేదో చూసుకున్న తరువాతే రోడ్డు ఎక్కండి.

ఫిక్స్‌డ్ గేర్ సైకిల్ అయితే

మామూలు సైకిల్‌లో తొక్కడం ఆపినా చక్రం తిరుగుతూనే ఉంటుంది, కాళ్ళకు విశ్రాంతి దొరుకుతుంది. నగరాలలో కొందరు యువకులు తొక్కే ఫిక్స్‌డ్ గేర్ సైకిల్‌లో ఆ సౌకర్యం లేదు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి, వాటితోపాటు మోకాళ్ళూ తిరుగుతాయి. పల్లంలో దిగేటప్పుడు ఇంకా వేగంగా తిరుగుతాయి. సీటు కొలత తప్పితే ఆ బాధ ఒక్క క్షణం కూడా ఆగదు. మీ అబ్బాయి దగ్గర అలాంటి సైకిల్ ఉంటే పైన చెప్పిన కొలతలన్నీ మరింత జాగ్రత్తగా చూడండి. కాళ్ళతోనే ఆపగలనని బ్రేకులు తీసేయడానికి ఒప్పుకోకండి. ప్యాంటు అంచు, చెప్పు పట్టీ చైనులో పడకుండా కట్టుకోమనండి.

ఇవి సీటు వల్ల వచ్చినవి కావు

సైకిల్ సరిచేసి రెండు మూడు వారాలు గడిచినా నొప్పి తగ్గకపోతే ఆసుపత్రిలో చూపించుకోండి. ఈ కిందివి కనిపిస్తే అన్నాళ్ళు కూడా ఆగవద్దు:

• మోకాలు వాచి, ఎర్రబడి, జ్వరం రావడం
• మోకాలు ఉన్నట్టుండి పట్టేసి కదలకపోవడం
• ఒక కాలి పిక్క వాచి నొప్పిగా ఉండడం
• నడుము నొప్పి కాలిలోకి దిగి పాదం పట్టు తప్పడం, మలమూత్రాలు ఆపుకోలేకపోవడం
• తొక్కుతున్నప్పుడు గుండెలో నొప్పి, బరువు, ఆయాసం

మూర్ఛ వ్యాధి ఉన్నవారు, పక్షవాతం వచ్చి తగ్గినవారు, ఈమధ్యే ఆపరేషను అయినవారు డాక్టరును అడగకుండా సైకిల్ ఎక్కకూడదు. మధుమేహం వల్ల పాదాలలో స్పర్శ తగ్గినవారు వట్టి కాళ్ళతో పెడల్ తొక్కకూడదు. గాయమైనా వారికి తెలియదు.

గుర్తుంచుకోండి

• మడమ పెడల్ మీద పెడితే కాలు నిటారుగా, పాదం ముందుభాగం పెడితే మోకాలు కొద్దిగా వంగి ఉండాలి.
• సీటు నేలకు సమాంతరంగా ఉండాలి. మోచేతులు వదులుగా ఉండాలి.
• పైపు గీత దాటకూడదు. నట్లు గట్టిగా బిగించాలి.
• చక్రాలలో గాలి తగ్గినా, చైను ఎండిపోయినా ఆ భారం మోకాళ్ళదే. వారానికి ఒకసారి చూసుకోండి.

మీ ఇంటి మనిషి ఈ రోజు పని నుంచి రాగానే సైకిల్‌ను గోడ దగ్గర నిలబెట్టమనండి. మీరు వెనుక పట్టుకోండి. మడమ పెడల్ మీద పెట్టి చూడమనండి. ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టే ఆ కాళ్ళ కోసం పది నిమిషాలు కేటాయించండి.