99 చూపించినా నమ్మకు

గాజువాక

అమ్మలూ,

నిన్న రాత్రి ఫోన్‌లో "బాగానే ఉన్నా మావయ్యా" అని రెండు ముక్కల్లో తేల్చేశావు. ఆ గొంతు నాకు కొత్త కాదు. పద్దెనిమిదేళ్లు బండి మీద ఉండగా మీ అమ్మకి నేను చెప్పిందీ ఆ మాటే. అందుకే ఈసారి ఫోన్ కాకుండా ఉత్తరం రాస్తున్నాను. ఫోన్‌లో అయితే "కేసొచ్చింది" అని పెట్టేస్తావు.

మన రాష్ట్రంలో 108 అంబులెన్సు మొదలైంది 2005 ఆగస్టు 15న. నేను మరుసటేడు చేరాను. పెద్దవాళ్లు "ఎంతివ్వాలి బాబూ" అని జేబు తడుముకునేవారు, ఉచితమంటే నమ్మేవారు కాదు. బండిలో వైద్యం చూసే ఈఎంటీ అంటే ఏమిటో మా అమ్మకే తెలీదు. "మావాడు అంబులెన్సులో కాంపౌండరు" అని చెప్పుకునేది. ఇప్పుడు నీకు మాకంటే బాగా నేర్పి పంపారు. నేను రాసేదంతా నీ పుస్తకాల్లో ఉన్నదే. ఈ ఊళ్లో అది ఎక్కడ అవసరపడుతుందో అదొక్కటే నేను చెప్పగలిగింది.

ముందు నేను చేసిన తప్పు విను. చేరిన రెండో ఏడు, మే నెల. పారిశ్రామికవాడ వైపు ఒక ఫ్యాక్టరీ, పేరెందుకులే. కొలిమి దగ్గర పనిచేసే మనిషి తల తిరిగి పడిపోయాడన్నారు. మేం వెళ్లేసరికి లేచి కూర్చున్నాడు. తలనొప్పి, ఒక వాంతి, మాట కాస్త తికమక. వేలికి ఆక్సీమీటర్ పెడితే ఆక్సిజన్ 99 శాతం. ఎండదెబ్బ అనుకున్నాను. 99 ఉన్నవాడికి ఆక్సిజన్ దండగని పెట్టిన మాస్కు కూడా తీసేశాను. క్యాజువాల్టీలో డాక్టరమ్మ రెండే అడిగింది. ఎక్కడ పనిచేస్తున్నాడు? పక్కవాళ్లకి కూడా తలనొప్పి ఉందా? రెండోది నేను అడగనే లేదు. ఫోన్ చేసి కనుక్కుంటే ఇంకో ఇద్దరికి ఉంది.

ఉక్కునగరం క్వార్టర్స్‌లో పెరిగినదానివి, బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్ గురించి మీ నాన్న నోట వినే ఉంటావు. అందులో ఐదో వంతో అంతకంటే ఎక్కువో కార్బన్ మోనాక్సైడే. రంగుండదు, వాసనుండదు. హిమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. మన ఆక్సీమీటర్ చేసేదల్లా వేలిలోంచి రెండు రకాల కాంతి పంపి రక్తం రంగు చూడటం. మోనాక్సైడ్ పట్టిన రక్తం కూడా దానికి ఆక్సిజన్ నిండిన రక్తంలాగే కనిపిస్తుంది. లోపల మనిషికి ప్రాణవాయువు అందక పోతున్నా అది మాత్రం 99 అనే చెబుతుంది. అప్పుడు మన చేతిలో ఉన్నది ఒకటే. సంచి ఉన్న మాస్కు, నిమిషానికి పదిహేను లీటర్ల ఆక్సిజన్, ఆసుపత్రి దాకా తీయకూడదు. మామూలు గాలిలో ఆ విషం సగానికి దిగడానికి నాలుగైదు గంటలు పడుతుంది, నిండు ఆక్సిజన్‌తో గంట, గంటన్నర.

నేను ఆ మనిషికి పోగొట్టింది అరగంట. బతికాడు. నెల తర్వాత ఆయన భార్య బజారులో కనిపించి, అడిగిందే అడుగుతున్నాడు, డ్యూటీకి వెళ్లే దారి మరిచిపోతున్నాడు అంది. ఆ గ్యాస్ పట్టినవాళ్లలో కొందరికి అలా వారాల తర్వాత బయటపడటం ఉంది. నా అరగంట వల్లేనా అంటే ఎవరూ చెప్పలేరు. నేను ఎవర్నీ అడగలేదు కూడా.

ఫ్యాక్టరీల్లోనే అనుకోకు. గాలాడని బాత్రూములో గ్యాస్ గీజరు, పాడేరు చలికి తలుపులు బిగించుకుని పెట్టుకున్న కుంపటి, కరెంటు పోయినప్పుడు వరండాలో నడిపే జనరేటరు, అన్నిటిదీ ఇదే కథ. 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చిపోయాక ఊరంతా రోజుల తరబడి చీకట్లో ఉంది కదా, అప్పుడు జనరేటరు చప్పుడు వింటే చాలు నాకు గుండె దడ. ఇంట్లో అందరికీ ఒకేసారి తలనొప్పి అంటే ముందు వాళ్లని బయటికి తీసుకురా, అంకెలు తర్వాత.

బండి ఎక్కడ ఆపాలన్నది కూడా వైద్యమే. 2020 మే 7 తెల్లవారుజామున ఆర్‌ఆర్ వెంకటాపురం ఫ్యాక్టరీలో స్టైరీన్ గ్యాస్ లీకై పన్నెండుమంది పోయారు. ఆ ఆవిరి గాలి కంటే బరువు. నేలబారున పారి పల్లంలో నిలుస్తుంది. గ్యాస్ అన్న మాట చెవిన పడితే గాలి వచ్చే వైపు నుంచి, మెరక మీద, వెంటనే వెళ్లిపోయేలా ముక్కు బయటికి తిప్పి ఆపమని బండి నడిపే పైలట్‌కి చెప్పు. మన ఊళ్లో పగలు సముద్రం వైపు నుంచి వీచే గాలి రాత్రి మళ్లుతుంది. నిన్నటి లెక్క ఇవాళ పనికిరాదు, జెండాయో చెట్టుకొమ్మో చూసుకో. ట్యాంకులో, మ్యాన్‌హోల్లో, ఓడ అడుగున సరుకు గదిలో ఒకడు పడిపోతే తీయబోయినవాడు రెండోవాడవుతాడు. మూడో మనిషివి నువ్వు కావద్దు. గాలి సిలిండర్లు తగిలించుకుని ఫైర్ వాళ్లు వచ్చేదాకా బయట నిలబడు. చుట్టూ జనం తిడతారు, తిట్టనీ.

"తాగి పడ్డాడు" అన్న మాట విన్నావంటే షుగర్ స్ట్రిప్ తీయి. పోర్టు రోడ్డు పక్కన లారీ క్లీనరొకణ్ని అలాగే చూపించారు. చొక్కా నిండా సారా వాసన, నిజమే. షుగరు 34. డెక్స్‌ట్రోజ్ ఎక్కుతుండగానే కళ్లు తెరిచి, నా లారీ ఏదీ అన్నాడు. వాసన నిజమైనంత మాత్రాన దాని వెనక ఇంకోటి ఉండదని లేదు.

ఆర్‌కే బీచ్‌లోనో యారాడలోనో మునిగినవాణ్ని ఒడ్డుకు తెచ్చాక జనం కాళ్లు పట్టి తలకిందులు చేస్తారు, పొట్ట నొక్కుతారు. గట్టిగా ఆపు. మునిగినవాడికి ముందు కావలసింది ఊపిరి. శ్వాస లేకపోతే అంబు బ్యాగ్‌తో మొదలుపెట్టి అప్పుడు గుండె మీదికి రా. నిమిషానికి 100 నుంచి 120, లోతు ఐదారు సెంటీమీటర్లు, రెండు నిమిషాలకోసారి చేతులు మార్చుకోవాలి. ఇవన్నీ నీకు కంఠతా వచ్చు. రానిదల్లా చుట్టూ యాభైమంది "ఎక్కించండి, పోనీండి" అని అరుస్తుంటే ఇసుకలోనే మోకాళ్లేసి కూర్చోవడం. పరుగెత్తే బండిలో నొక్కుడు సరిగా పడదు, పైగా నువ్వు తూలిపడతావు.

కాన్పుల గురించి మీ అత్తే చెబుతానంది, నన్ను రాయొద్దంది. ఒక్కటి మాత్రం రాస్తాను. బిడ్డని తుడిచి తల్లి గుండె మీద ఆనించి కప్పు. ఘాట్ రోడ్డులో అంతకంటే మంచి హీటరు లేదు.

కేజీహెచ్ క్యాజువాల్టీలో నీ మాట వినడానికి వాళ్లకి అరనిమిషమే ఉంటుంది. 1923లో కట్టిన ఆసుపత్రి, చుట్టుపక్కల జిల్లాల బరువంతా మోస్తుంది. ఏం జరిగింది, ఎప్పుడు, నువ్వేం చూశావు, ఏం చేశావు, ఆ వరసలో చెప్పి, పేపర్ మీద టైమ్ రాయించుకో. ఎవరైనా కసిరితే అది నీ మీద కోపం కాదు, నీకు ముందొచ్చిన కేసు మీద.

ఇక నీ సంగతి. హెపటైటిస్-బీ టీకా మూడో డోసు ఆర్నెల్లకి వేయించుకోవాలి, అందరూ మరిచిపోయేది అదే. సూది గుచ్చుకుంటే పిండకు, సబ్బూ నీళ్లతో కడిగి ఆ గంటలోనే రిపోర్టు చెయ్యి. హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందు ఎంత త్వరగా పడితే అంత మేలు, 72 గంటలు దాటితే లాభం లేదు. నడుం వంచి స్ట్రెచర్ ఎత్తకు, మోకాళ్లు వంచు. నేను బండి దిగిపోయింది డిస్కు వల్లే. అది ఒక్కరోజులో పోలేదు, రోజూ కొంచెం కొంచెం అరిగింది.

నిద్ర గురించి మీ నాన్నని చూసి నేర్చుకో. రాత్రి సీ షిఫ్టు దిగొచ్చి కిటికీకి దుప్పటి కట్టి, ఫోను మీ అమ్మకిచ్చి పడుకునేవాడు. పిల్లలు మీరంతా ఇంట్లో గుసగుసలాడాల్సి వచ్చేది, గుర్తుందా? మేం నవ్వుకునేవాళ్లం. ఆయనే తెలివైనవాడు. వరసగా 17 గంటలు మేలుకున్న మనిషి చురుకుదనం, రక్తంలో 100 మిల్లీలీటర్లకి 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న మనిషితో సమానమని పరీక్షల్లో తేలింది. మన చట్టం డ్రైవరుకి పెట్టిన హద్దు 30. పైలట్ ఆవలిస్తుంటే మొహమాటపడకు, టీ తాగి కదలమను.

ఇది రాయాలా వద్దా అని చాలాసేపు ఆలోచించాను. షీలానగర్ దగ్గర హైవే మీద ఒక పసివాడి కేసు. వివరాలు వద్దు. ఆ తర్వాత ఎనిమిది నెలలు నేను ఊళ్లోకి సింధియా, కాన్వెంట్ జంక్షన్ మీదుగానే వెళ్లాను, పోర్టు లారీల దుమ్ములో. "హైవే ఉండగా ఈ చుట్టెందుకురా" అని మీ అమ్మ అడిగితే ట్రాఫిక్ అన్నాను. రాత్రిళ్లు సీసా తోడు తెచ్చుకున్నాను. బాగానే ఉన్నా అన్నాను. నా పైలట్ కనిపెట్టాడు. ఒకరోజు ఏమీ అడక్కుండా నన్నెక్కించుకుని హైవే మీదే పోనిచ్చి, షీలానగర్ దాటాక బండి పక్కకాపి టీ ఇప్పించాడు. ఆ వారమే డాక్టరు దగ్గరికి వెళ్లాను. వాల్తేరు వైపు మానసిక ఆసుపత్రి ఉందిగా, మనవాళ్లు దాని పేరు తిట్టుగా వాడతారు, అక్కడికే. ఓపీ వరసలో నాకు ముందు ఒక కానిస్టేబుల్ కూర్చున్నాడు. ఇద్దరం నేల చూపులు చూశాం.

పెద్ద కేసైన రాత్రే అందర్నీ కూర్చోబెట్టి మనసులోదంతా కక్కించాలనే పద్ధతి ఒకటుంది. బలవంతంగా చేస్తే దానివల్ల మేలు లేదని పరిశోధనల్లో తేలింది. చెప్పాలనిపిస్తే చెప్పు, లేకపోతే తిని పడుకో. కానీ ఆ కేసు నెల దాటినా కలలోకి వస్తుంటే, సైరన్ వేసేది నువ్వే అయినా ఉలిక్కిపడుతుంటే, ఆగకు. 14416, టెలీ మానస్, తెలుగులో మాట్లాడతారు, డబ్బులక్కర్లేదు.

ఇకమీద ఫోన్‌లో బాగున్నావా అని అడగను. నిన్న ఎన్ని గంటలు పడుకున్నావు, వేడన్నం ఎప్పుడు తిన్నావు, ఏ దారిన వెళ్లడం మానేశావు, ఈ మూడే అడుగుతాను.

ఆదివారం నీకు ఆఫ్ అని మీ అమ్మ చెప్పింది. మీ అత్త నెత్తళ్లు వేయిస్తానంటోంది. శనివారం నైట్ దిగి నేరుగా బైకు మీద వచ్చేయకు. పడుకుని, లేచి, బస్సెక్కి మధ్యాహ్నానికి రా. వీలైతే నీ పైలట్‌నీ తీసుకురా, అతనితో నాకు పనుంది.

మావయ్య